కాగితం వెనక వైపు

ఎనిమిది గళ్ళ కాగితం. గడికో సెమిస్టర్.
నాలుగు వేల మీటర్ల ఎత్తున ఎల్ ఆల్తో,
హీటర్ లేని గది, చల్లారిన కోకా ఆకు టీ.
సలహా చెప్పే కుర్చీలో నేను.
ఎదురుగా ఎమెతేరియా చుకిమియా, ఇరవై తొమ్మిదేళ్ళు,
టోపీ తీసి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది
దానికీ ఒక సీటు అడగడానికి వచ్చినట్టు.

"గురువారం క్లాసులొద్దు" అంది, పేరు చెప్పకముందే.
గురువారం సంత. ఆదివారం సంత.
పాత బట్టల మూటలు విప్పేది తెల్లారుజామున నాలుగింటికి.
ఆదివారం మాకూ సెలవే అన్నాను.
గురువారం మాత్రం ధ్వనిశాస్త్రం.
అది లేనిదే వర్ణశాస్త్రం లేదు,
అది లేనిదే పదనిర్మాణం లేదు,
బోధన పద్ధతులు, పరీక్షా పత్రాల తయారీ,
ఏడో సెమిస్టర్‌లో బడికెళ్ళి పాఠం చెప్పడం,
ఒక్క గురువారం లాగితే నాలుగేళ్ళూ ఊడొస్తాయి,
స్వెట్టర్లు అమ్మేదానివి, నీకు చెప్పాలా.
"ఊడిన చోట ముడేసి అమ్ముతాను" అంది.

అయిదో గడిలో దారి చీలుతుంది.
ఇంగ్లీషు బోధన తీసుకుంటే
ట్రావెల్ ఆఫీసులు, ప్రైవేటు బడులు, నెల తిరిగితే జీతం.
ఐమారా బోధన తీసుకుంటే...
వాక్యం అక్కడ ఆగింది.
ఐమారా తీసుకుంటే, నేను.
మోచేతుల దగ్గర మెరుస్తున్న ఈ కోటు.

అయినా రూలు రూలే.
పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్నా సర్టిఫికెట్ లేదు గనక
మొదటి సెమిస్టర్‌లో ఐమారా ఒకటి తప్పదు.
చెప్పేది నేనే.
నమ్మకం కలిగించాలని ఆ భాషలోనే అడిగాను,
సంతలో పాతబట్టకి ఇప్పుడు ధరెంత అని.
ఆమె కాసేపు నన్నే చూసి,
"రొట్టె నేనమ్మను సారూ" అంది.

మాకు త-లు మూడు.
మామూలుది పలికితే పోగుచెయ్యడం.
ఊపిరి వదిలితే చిరుగుల పాతబట్ట.
గొంతు మూసి చిటుక్కున తెంచితే రొట్టె.
రాసుకున్న నోట్సులో మూడూ ఉన్నాయి.
నోట్లోనే లేవు.
బళ్ళో బెత్తం తగలకూడదని
మా అమ్మ నన్ను స్పానిష్‌లో పెంచింది,
తలుపేసుకుని చెల్లెలితో ఐమారాలో ఏడ్చేది.
నేను విన్నది ఏడుపే. త-లు వినపడలేదు.

ఎమెతేరియా నవ్వలేదు.
తన గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి,
"ఇక్కడ ఊపిరి వదులు. బిగించకు" అంది.
రొట్టె. రొట్టె. మళ్ళీ రొట్టె.
అయిదోసారికి చిరిగింది బట్ట.
ఆ రోజు మంగళవారం.
హాజరు పట్టీ లేకుండా ధ్వనిశాస్త్రం ఒక క్లాసు జరిగింది.

చివరికి గళ్ళన్నీ పెన్సిల్‌తో నింపి
ఒకటి నుంచి ఎనిమిదికి బాణం గీశాను, ముందుకి.
"బాణం తప్పు" అంది.
నిజమే. మా మాటల్లో కన్నూ గతమూ ఒకటే,
చూసేసినవన్నీ ఎదురుగా నిలబడతాయి.
రాబోయేది వీపు వైపు, కనపడకుండా,
దుప్పటిలో కట్టుకున్న పసిబిడ్డలా బరువు మాత్రం తెలుస్తూ.
మొదటి ఏడాది అర్థశాస్త్రంలో ఇది నేనే చెబుతాను,
బోర్డు మీద, బాణం ముందుకే గీసి.

ఆమె కాగితం తిప్పింది,
నాలుగో ఏడాదిని వెనక రాయడానికి.
అక్కడ ఖాళీ లేదు.
మా ఆఫీసులో కాగితం రెండుసార్లు వాడతాం.
ఎవరో అబ్బాయి ప్లాను, మూడు గళ్ళ దాకా నా చేతిరాత,
నాలుగో గడిలో ఏమీ లేదు.
పేరు చదివినా ముఖం గుర్తు రాలేదు.
"ఏమయ్యాడు?" అంది.
తెలియదన్నాను, స్పానిష్‌లో.

అతని వరసల సందుల్లో
చిన్న అక్షరాలతో రాసుకుంది తన ఏడూ ఎనిమిదీ.
అతన్ని చెరపలేదు.
గురువారం సంగతి తేలనే లేదు.
కాగితం మడిచి మూటలో దోపి, మూట వీపుకెత్తుకుని
కేబుల్ కారు వైపు వెళ్ళింది.

నేను గొంతు మీద వేళ్ళు పెట్టుకుని
ఖాళీ గదిలో ఇంకొకసారి.
రొట్టె.